కోపిష్టికే గుండెపోటు వస్తుందా?



మన ఊళ్ళలో ఎవరైనా గుండెపోటు వచ్చి హఠాత్తుగా పోతే, పెట్టె ఇంకా ఇంట్లో ఉండగానే అరుగు మీద కూర్చున్నవాళ్ళ మధ్య ఒక మాట మొదలవుతుంది. "ఆయనకు కోపం ఎక్కువండీ. ఎప్పుడూ హడావిడే. ఆ కోపమే ఆయన్ని తినేసింది." పక్కనున్నవారు అందుకుంటారు. "అవునండీ, కాస్త నెమ్మదస్తుడైతే ఇంకో ఇరవై ఏళ్ళు ఉండేవాడు." ఈ మాటలు లోపలి గదిలో కూర్చున్న భార్యకు వినిపిస్తాయి. పిల్లలకూ వినిపిస్తాయి. భూస్థాపన అయ్యాక ఆదరణ కూడికకు వెళ్ళినప్పుడు అలాంటి తల్లి మమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే. "అయ్యగారూ, నేను ఆ రోజు ఎదురు చెప్పకుండా ఉంటే ఆయన బ్రతికేవారా?"

ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే, "ఫలానా స్వభావం గలవారికే గుండెజబ్బు వస్తుంది" అన్న మాట ఎక్కడినుండి వచ్చిందో, అందులో నిజమెంతో మనకు తెలిసి ఉండాలి. నేను డాక్టరును కాను, వాక్యం చెప్పేవాడిని. అయినా ఈ మాట మన ప్రసంగాల్లోకి, యౌవనస్థుల కూడికల్లో పంచే కాగితాల్లోకి కూడా వచ్చేసింది గనుక కాపరులు దీని గురించి మాట్లాడక తప్పదు. మార్త "టైప్ ఏ" అనీ, మరియ "టైప్ బి" అనీ ప్రసంగాలు వింటున్నాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనుషులను స్వభావాల ప్రకారం విడగొట్టి, ఈ రకంవారికి గుండెపోటు, ఆ రకంవారికి క్షేమం అని చెప్పడం పరిశోధనల ముందు నిలవలేదు. అది చనిపోయినవారికి అన్యాయం చేస్తుంది, బ్రతికున్నవారిని ప్రమాదంలో పడేస్తుంది. ఎందుకో వివరిస్తాను, ఓపికగా చదవండి.

ఈ మాట ఎక్కడ పుట్టింది?

కోపానికీ గుండెకూ సంబంధం ఉందన్న ఆలోచన చాలా పాతది. 18వ శతాబ్దంలో లండన్‌లో జాన్ హంటర్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు ఉండేవాడు. ఆయనకు గుండెనొప్పి ఉండేది. తనకు కోపం తెప్పించాలనుకునే ఏ దుర్మార్గుడి చేతిలోనైనా తన ప్రాణం ఉందని ఆయనే చెప్పుకునేవాడట. 1793 అక్టోబరు 16న సెయింట్ జార్జ్ ఆసుపత్రి సమావేశంలో మాటామాటా పెరిగింది. ఆయన పక్కగదిలోకి వెళ్ళి, అక్కడే కుప్పకూలి చనిపోయాడు. ఆ తర్వాతి కాలంలో విలియం ఆస్లర్ అనే గొప్ప వైద్యుడు కూడా, విశ్రాంతి ఎరుగని పట్టుదల గల మనుషుల్లో గుండెనొప్పి ఎక్కువగా కనిపిస్తోందని రాశాడు.

ఇప్పుడు మనం వాడుతున్న "టైప్ ఏ" అనే పేరు మాత్రం అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టింది. అక్కడ మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోజెన్‌మన్ అనే ఇద్దరు గుండె వైద్యులు కలిసి పనిచేసేవారు. వాళ్ళ ఆసుపత్రిలో రోగులు కూర్చునే కుర్చీలకు గుడ్డ మార్చడానికి ఒక పనివాడు వచ్చాడు. ఈ కుర్చీలు ముందు అంచు దగ్గరే ఎక్కువగా అరిగిపోయాయేమిటని అతను ఆశ్చర్యపోయాడు. అంటే ఆ రోగులు వెనక్కి వాలి కుదురుగా కూర్చోలేదు. ఎప్పుడు పిలుస్తారా, ఎప్పుడు లేద్దామా అన్నట్టు అంచున కూర్చునేవారు. ఆ మాటను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదని, దాని విలువ తర్వాత తెలిసిందని ఫ్రీడ్‌మన్ తరువాత చెప్పుకొచ్చాడు.

1950లలో ఆ ఇద్దరూ పన్ను లెక్కలు రాసే అకౌంటెంట్ల రక్తాన్ని కొన్ని నెలలపాటు పరీక్షించారు. అమెరికాలో పన్ను కాగితాలు ఏప్రిల్ 15లోగా ఇవ్వాలి. ఆ గడువు దగ్గరపడే కొద్దీ వాళ్ళ రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగింది, రక్తం త్వరగా గడ్డకట్టడం మొదలైంది. గడువు దాటాక మళ్ళీ మామూలుకు వచ్చింది. 1959లో ఆ వైద్యులు తమ సిద్ధాంతాన్ని ప్రకటించారు. ఎప్పుడూ టైముతో పరుగు, ప్రతిదానిలో పోటీ, చిన్నదానికే చిరాకు, ఎదుటివాడి మాట పూర్తికాకముందే అందుకోవడం, ఒకేసారి రెండు మూడు పనులు పెట్టుకోవడం వంటివి ఉంటే "టైప్ ఏ" అన్నారు. ఇవి లేని నెమ్మదస్తులను "టైప్ బి" అన్నారు.

తర్వాత పెద్ద పరిశోధన జరిగింది. 1960-61లో కాలిఫోర్నియాలోని 10 కంపెనీల్లో పనిచేసే 3,154 మంది మగవారిని తీసుకున్నారు. వయసు 39 నుండి 59. ఎనిమిదిన్నర సంవత్సరాలు గమనించారు. ఆ కాలంలో 257 మందికి గుండెజబ్బు వచ్చింది. టైప్ బి వారితో పోలిస్తే టైప్ ఏ వారికి దాదాపు రెండింతలు ఎక్కువగా వచ్చింది. ఈ ఫలితం 1975లో బయటికొచ్చింది. దానికి ముందు 1974లోనే వాళ్ళిద్దరూ రాసిన పుస్తకం బాగా అమ్ముడుపోయింది. 1981లో అమెరికా ప్రభుత్వ హృదయ సంస్థ నియమించిన నిపుణులు కూడా పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్‌లాగే ఇదీ గుండెకు ఒక ముప్పేనని ఒప్పుకున్నారు. అలా ఆ మాట పత్రికల్లోకి వచ్చింది, అక్కడినుండి మన అరుగుల మీదికీ చేరింది.

ఎలా వీగిపోయింది?

సత్యానికి ఒక గుణం ఉంది. ఎన్నిసార్లు పరీక్షించినా నిలబడుతుంది. ఈ సిద్ధాంతం అలా నిలబడలేదు.

1985లో అమెరికాలోనే మరో పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 12,000 మందికి పైగా మగవారిని అందులో పరీక్షించారు. టైప్ ఏ వారికి ఎక్కువగా వస్తుందన్న సంగతి అక్కడ కనబడలేదు. 1988లో ఇంకా వింతైన సంగతి తెలిసింది. మొదటి పరిశోధనలో గుండెజబ్బు వచ్చిన ఆ 257 మంది తర్వాత ఏమయ్యారని ఇద్దరు పరిశోధకులు వెదికి చూశారు. జబ్బు వచ్చినవారిలో టైప్ ఏ వారికంటే నెమ్మదస్తులైన టైప్ బి వారే ఎక్కువగా చనిపోయారు! హడావిడి మనిషి జబ్బు వచ్చాక వైద్యం విషయంలోనూ అదే పట్టుదల చూపించి ఉంటాడా? కొందరు అలా అనుకున్నారు. కారణం ఏదైనా, "టైప్ ఏ అంటే త్వరగా మరణం" అనే లెక్క తప్పిపోయింది.

ఇంగ్లండు సంగతి కూడా చూడండి. 1967లో మొదలైన వైట్‌హాల్ పరిశోధనలో లండన్‌లోని దాదాపు 18,000 మంది ప్రభుత్వోద్యోగులను గమనించారు. పెద్ద బాధ్యతలతో, పోటీతో, పరుగుతో బ్రతికే పై అధికారులకే గుండెపోట్లు ఎక్కువ ఉంటాయని అప్పటి జనం నమ్మకం. తేలింది దానికి పూర్తిగా వ్యతిరేకం. కాగితాలు మోసే అట్టడుగు ఉద్యోగులే గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారు. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఆ వ్యత్యాసం పూర్తిగా పోలేదు. పేదరికానికీ, తన పని మీద తనకు అధికారం లేకపోవడానికీ గుండె మూల్యం చెల్లిస్తుందన్నమాట. వరి కోసి, ధాన్యం తోలి, డబ్బులు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూసే కౌలు రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అతని గుండెల మీది బరువు అతని స్వభావంలోనుండి వచ్చింది కాదు, అప్పులోనుండి వచ్చింది.

దీని వెనుక ఎవరి డబ్బు ఉంది?

ఇది వింటే మీకు బాధ కలుగుతుంది. అమెరికా కోర్టుల్లో సిగరెట్టు కంపెనీల మీద కేసులు నడిచినప్పుడు, వాళ్ళు దాచిపెట్టుకున్న లక్షల కాగితాలు బయటపెట్టవలసి వచ్చింది. ఆ కాగితాలను చదివిన లండన్ పరిశోధకులు 2012లో ఒక వ్యాసం రాశారు. ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్టు కంపెనీ, ఇంకా ఆ వ్యాపారంలో ఉన్న ఇతరులు, ఈ టైప్ ఏ పరిశోధనలకు ఎన్నో ఏళ్ళు డబ్బు పోశారని అందులో చూపించారు. ఫ్రీడ్‌మన్ పేరుమీద ఉన్న సంస్థకు కూడా ఫిలిప్ మోరిస్ సొమ్ము అందింది.

వాళ్ళకెందుకంత ఆసక్తి? ఆలోచించండి. గుండెపోటు పొగ వల్ల వచ్చిందంటే కంపెనీ దోషి. మనిషి స్వభావం వల్ల వచ్చిందంటే చచ్చిపోయినవాడే దోషి. "హడావిడి మనుషులే సిగరెట్లు ఎక్కువ తాగుతారు, చంపేది ఆ హడావిడే, సిగరెట్టు కాదు" అని కోర్టులో వాదించుకోవచ్చు. ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ మొదట చేసిన పని నిజాయితీగా చేసినదే. ఆ ప్రశ్న అడగడం తప్పు కాదు. ఆ ప్రశ్నను కొనుక్కున్నవారి ఉద్దేశం వేరు.

లండన్‌లో హాన్స్ ఐసెంక్ అనే ప్రసిద్ధ మనస్తత్వవేత్త ఉండేవాడు. ఆయన మరొకరితో కలిసి, మనిషి స్వభావాన్ని బట్టి ఎవరు క్యాన్సర్‌తో పోతారో, ఎవరు గుండెజబ్బుతో పోతారో చెప్పేయవచ్చు అన్నంత పెద్ద ఫలితాలు ప్రకటించాడు. ఆయనకూ పొగాకు కంపెనీల డబ్బు అందింది. 2019లో, ఆయన పనిచేసిన విశ్వవిద్యాలయమైన కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ జరిపించి, ఆ ఇద్దరి 26 వ్యాసాలను నమ్మడానికి వీల్లేదని తేల్చింది.

ఈ మధ్య "టైప్ డి" అనే మరో పేరు కూడా వినబడుతోంది. ఎప్పుడూ దిగులుగా ఉండి, ఆ దిగులు ఎవరికీ చెప్పుకోని మనుషులు వీళ్ళట. 1996లో బెల్జియంలోని 303 మంది గుండె రోగుల మీద జరిగిన పరిశోధనలో వీళ్ళ మరణాలు చాలా ఎక్కువగా కనిపించాయి. తర్వాత ఎక్కువమంది మీద పరీక్షిస్తే అంత తేడా కనబడలేదు. కోపాన్ని బయటికి కక్కితే టైప్ ఏ, లోపల దాచుకుంటే టైప్ డి. ఇంక తప్పించుకునేవాడు ఎవడండీ?

అయితే నిజం ఏమీ లేదా?

కొంచెం ఉంది. అది కూడా న్యాయంగా చెప్పాలి.

టైప్ ఏ అనే పెద్ద మూటను విప్పి చూస్తే, పరుగు, పోటీ, కష్టపడి పనిచేయడం వంటి వాటికి గుండెతో పెద్ద సంబంధం కనబడలేదు. మిగిలింది ఒక్కటి. పగ, కక్ష, ఎదుటివాణ్ణి నమ్మకపోవడం, లోపల రగులుతూ ఉండే కోపం. 2009లో ఇలాంటి అనేక పరిశోధనలను కలిపి లెక్కవేస్తే, ఆరోగ్యవంతుల్లో కోపం, శత్రుభావం ఎక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు వచ్చే అవకాశం 19 శాతం ఎక్కువని తేలింది. 19 శాతం అంటే ఎంత? ఒక ఉదాహరణ చెబుతాను. వెయ్యి మంది సాత్వికుల్లో 50 మందికి జబ్బు వచ్చేచోట, వెయ్యి మంది కోపిష్టుల్లో సుమారు 60 మందికి వస్తుంది. మిగతా 940 మందికి రాదు. సాత్వికుల్లోని ఆ 50 మందికి మాత్రం వచ్చింది కదా! అరుగు మీది మాట ఈ లెక్కకు ఎక్కడా అందదు.

ఒక్కసారిగా భగ్గుమనే కోపం సంగతి వేరు. 1995లో గుండెపోటు వచ్చి బ్రతికిన 1,623 మందిని అడిగి చూసిన ఒక పరిశోధనలో, తీవ్రమైన కోపం వచ్చిన తర్వాతి రెండు గంటల్లో గుండెపోటు ముప్పు రెట్టింపు కంటే ఎక్కువగా ఉందని తేలింది. కోపం వచ్చినప్పుడు అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ ఎగబాకుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. రక్తనాళంలో అప్పటికే కొవ్వు పేరుకుని ఉంటే ఆ పొర పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవచ్చు. ఇక్కడ "అప్పటికే" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఆ కొవ్వు పేరుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఎండిపోయిన గడ్డివామి మీద నిప్పురవ్వ పడింది. రవ్వను చూసినవాళ్ళు చాలామంది. వామి ఎండిపోవడాన్ని చూసినవాళ్ళెవరు?

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు జవాబు. అమ్మా, నీవు ఎదురు చెప్పినందుకు ఆయన పోలేదు. ప్రతి కాపురంలోనూ మాటామాటా వస్తుంది. ఆ రోజు నీతో కాకపోతే మరునాడు గట్టు తగాదాలో, లేక బస్తా ఎత్తేటప్పుడో, లేక నిద్రలోనో అది జరిగి ఉండేది. ఏళ్ళ తరబడి నాళాల్లో జరిగిన దానికి ఒక్క పూట మాటను దోషిని చేయవద్దు. ఆ భారం నీది కాదు.

మన ఊళ్ళలో ఏం జరుగుతోంది?

2004లో ఇంటర్‌హార్ట్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. 52 దేశాల్లో, మన దేశంతో సహా, మొదటిసారి గుండెపోటు వచ్చిన 15,000 మందిని, రానివారిని దాదాపు అంతమందినే పోల్చి చూశారు. తొమ్మిది సంగతులు కలిపితే గుండెపోట్ల ముప్పులో 90 శాతానికి పైగా లెక్క తేలిపోయింది. పొగాకు, రక్తంలో చెడ్డ కొవ్వు, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, కూరగాయలు పండ్లు తినకపోవడం, ఒళ్ళు కదల్చకపోవడం, మద్యం విషయం, మానసిక ఒత్తిడి. ఒత్తిడి ఆ జాబితాలో ఉంది. అయితే వాళ్ళు కొలిచినది మనిషి ఏ "టైప్" అని కాదు. ఇంట్లో, పనిలో ఒత్తిడి, డబ్బు ఇబ్బంది, జీవితంలో తగిలిన దెబ్బలు, కృంగుదల వంటివి. అదే పరిశోధనలో దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు మధ్యస్థంగా 53 ఏళ్ళకే వస్తోందనీ, మిగతా దేశాలవారికి దాదాపు 59కి వస్తోందనీ తేలింది. మనకు ఆరేళ్ళు ముందే వస్తోంది.

మన గోదావరి జిల్లాల సంగతి కూడా లెక్కలో ఉంది. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన మరణాలన్నిటికీ ఇంటింటికీ వెళ్ళి కారణం కనుక్కున్నారు. దాదాపు మూడింట ఒక మరణానికి, అంటే 32 శాతానికి, గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. గుండెపోటు పట్నంలో ఏసీ గదుల్లో కూర్చునేవారి జబ్బు అని మనం అనుకుంటున్న రోజుల్లోనే మన చేలగట్ల మీద ఇది జరిగిపోతోంది. ఆ గ్రామాలవాళ్ళందరూ టైప్ ఏ మనుషులా?

బీపీకి స్వభావంతో పని లేదు. నవ్వుతూ పలకరించే మనిషికీ ఉంటుంది. తల నొప్పి లేకుండా, కళ్ళు తిరగకుండా ఏళ్ళ తరబడి ఉంటుంది. షుగరూ అంతే. ఎంత సౌమ్యుడు తాగినా చుట్ట చుట్టే, బీడీ బీడీయే. ప్రసన్నవదనం చూసి పొగ తన పని మానుకోదు.

ఈ ముద్రల వల్ల జరిగే నష్టాలు

మొదటి నష్టం నెమ్మదస్తులకు. "నాకు కోపం లేదండీ, టెన్షన్ లేదండీ, ప్రార్థన చేసుకుంటాను, నాకెందుకొస్తుంది?" అని బీపీ చూపించుకోనివారు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. డాక్టరు మాత్రలు రాసిస్తే నెల రోజులు వేసుకుని, మనసు ప్రశాంతంగా ఉంది గదా అని మానేసేవారు ఇంకా ఎందరో. సమాధానం దేవుడిచ్చే గొప్ప వరం. అది బీపీ మాత్ర చేసే పని చేయడానికి ఇవ్వబడలేదు. వైద్యుడైన లూకా కూడా ప్రభువు సేవకుడే గదా!

రెండవ నష్టం స్త్రీలకు. టైప్ ఏ మీద జరిగిన ఆ మొదటి పెద్ద పరిశోధనలో ఒక్క స్త్రీ కూడా లేదు. గుండెపోటు అంటే కేకలేసే మగవాడి జబ్బు అనే బొమ్మ అలా మన మనసుల్లో పడిపోయింది. మన ఇళ్ళలో ఒక తల్లికి ఛాతీ బరువుగా ఉంటే "గ్యాసు" అంటారు, ఆయాసం వస్తే "నీరసం" అంటారు, చెమటలు పడితే "టెన్షన్" అంటారు. సోడా తాగిస్తారు. షుగర్ ఉన్నవారిలో, స్త్రీలలో గుండెపోటు కొన్నిసార్లు ఛాతీనొప్పి లేకుండానే ఆయాసంగా, వాంతిగా, దవడనొప్పిగా, విపరీతమైన నీరసంగా వస్తుంది. సోడాతో పోయే ఆ అరగంటే ఆమె ప్రాణం కావచ్చు.

మూడవ నష్టం కోపిష్టులకే. "నా స్వభావమే అంతండీ, దేవుడు నన్నిలా పుట్టించాడు" అని ముద్రను ఒక సాకుగా మెడలో వేసుకుంటారు. ఇది కూడా నిజం కాదు. 1986లో ఫ్రీడ్‌మనే మరో పరిశోధన ఫలితం ప్రకటించాడు. గుండెపోటు వచ్చి బ్రతికినవారిలో కొందరికి మామూలు గుండె సలహాలు, మరికొందరికి వాటితోపాటు కోపాన్ని, తొందరను తగ్గించుకునే అభ్యాసం ఇచ్చారు. కావాలనే పొడవైన వరుసలో నిలబడడం, ఎదుటివారు మాట పూర్తిచేసేదాకా ఆగడం వంటి చిన్న చిన్న సాధనలు. నాలుగున్నర సంవత్సరాల్లో మళ్ళీ గుండె సమస్య వచ్చినవారు మొదటి గుంపులో 21.2 శాతం, అభ్యాసం చేసినవారిలో 12.9 శాతం. ఈ ఒక్క పరిశోధన మీద పెద్ద మేడ కట్టను గానీ, ఒక సంగతి మాత్రం స్పష్టం. మధ్యవయసు దాటిన మనిషి కూడా మారగలడు. మారుమనస్సు ప్రకటించే మనం "నా స్వభావమే అంత" అనే మాటను ఎలా ఒప్పుకుంటాం?

నాలుగవది అందరికీ. జబ్బుకు కారణం మనిషి గుణంలో వెదకడం మనకు పాత అలవాటు. యోబు స్నేహితులు చేసింది అదే. పుట్టుగ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ అదే. ఇద్దరికీ సమర్థన దొరకలేదు. ఎవరిదో ఒక తప్పు అయితే, మనం ఆ తప్పు చేయలేదు గనుక మనకు రాదు అని ధైర్యం. ఆ ధైర్యం కోసమే చనిపోయినవాడి గుణగణాలు అరుగు మీద పరుస్తాం.

"అయితే అయ్యగారూ, కోపం పడొచ్చంటారా?"

కొందరు ఇలా అడుగుతారని తెలుసు. పడకూడదనే అంటాను. అయితే కారణం వేరు. మన కోపం మన గుండెకంటే ముందు ఎదుటివారి గుండెను కొడుతుంది. నాన్న బండి చప్పుడు వినగానే పుస్తకం తీసి మూల కూర్చునే పిల్లవాడిని చూడండి. పళ్ళెం విసిరిన రాత్రి తినకుండా పడుకున్న భార్యను చూడండి. వాళ్ళ కోసం కోపం మానాలి. "కోపం మానకపోతే నీకు గుండెపోటు వస్తుంది" అని బోధిస్తే, పాపాన్ని కూడా సొంత లాభనష్టాల లెక్కలోకి దించినట్టే. రేపు డాక్టరు ఈసీజీ తీసి "నీ గుండె భేషుగ్గా ఉంది" అంటే, ఇక ఇంట్లో అరవడానికి అనుమతి దొరికినట్టేనా? గుండె బాగున్నా సరే, కోపం మానాలి. గుండె బాగోకపోయినా, ఆ జబ్బును ఆ కోపానికి శిక్షగా చూడకూడదు. ఈ రెండింటినీ కలపకండి. కలిపితే బోధా చెడుతుంది, వైద్యమూ చెడుతుంది.

ఇక మనం చేయవలసినవి

ముప్పై దాటిన ప్రతివారూ, మెత్తనివారైనా గట్టివారైనా, సంవత్సరానికి ఒక్కసారైనా బీపీ చూపించుకోండి. ఊళ్ళో ఏఎన్ఎమ్ దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూస్తారు. మళ్ళీ మళ్ళీ చూసినా పైది 140 గానీ, క్రిందిది 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగర్ కూడా చూపించుకోండి. రాసిన మాత్రలు డాక్టరు చెప్పకుండా మానకండి. ప్రార్థన చేసుకుని మాత్ర వేసుకోండి, రెంటికీ తగాదా లేదు.

చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా ఏదైనా సరే, మానేయండి. సంఘంలో ఉన్నాం గనుక బయట కనబడకుండా తాగేవారికి కూడా చెబుతున్నాను. నేను చూడకపోయినా మీ రక్తనాళం చూస్తోంది.

ఛాతీలో బరువు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చల్లని చెమటలు, ఉన్నట్టుండి ఆయాసం కనబడితే సోడా, వాము, విభూది, నూనె రాయడం ఏదీ వద్దు. 108కి ఫోన్ చేయండి. నాకు ఆ తర్వాత చేయండి. దారిలో ప్రార్థన చేస్తాను, ఆసుపత్రి దగ్గర కలుస్తాను. ముందు నన్ను పిలిచి, నేను వచ్చేదాకా ఆగవద్దు. గుండె కండరం నిమిషం నిమిషానికీ చచ్చిపోతుంటుంది.

అప్పుల్లో ఉన్నవారిని, పంట పోయినవారిని, ఆడపిల్ల పెళ్ళి బెంగలో ఉన్నవారిని సంఘ పెద్దలు వెళ్ళి పలకరించండి. ఒత్తిడి గుండెకు హాని అని ప్రసంగం చెప్పడం తేలిక. ఆ ఒత్తిడిలో కొంచెం మనం మోయడమే పరిచర్య.

చివరిగా, దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళినప్పుడు కారణాలు వెదకవద్దు. చనిపోయిన మనిషి స్వభావాన్ని విశ్లేషించవద్దు. టీ నీళ్ళు కాచి ఇవ్వండి, వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయండి, పిల్లలకు అన్నం పెట్టండి. మాట్లాడవలసి వస్తే ఆయన చేసిన మంచి పని ఒకటి చెప్పండి. కోపిష్టి మనిషి కూడా ఎవరికో ఒకరికి మేలు చేసే ఉంటాడు.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత, మందిరం వరండాలో బీపీ చూసే ఏర్పాటు చేద్దామని పెద్దలతో అనుకుంటున్నాం. మొదట చేయి చాపేది నేనే. నా తర్వాత, మా సంఘంలో అందరికంటే నెమ్మదస్తులు ఎవరో వారు రండి.

ప్రభువు మిమ్మల్ని ఆయురారోగ్యాలతో కాపాడును గాక. ఆమేన్.

మీ సంఘ కాపరి